చెరువు కట్ట నుంచి కంప్యూటర్ తెర దాకా: మన భూగోళ విద్యార్థులను జీఐఎస్ ఉద్యోగానికి సిద్ధం చేయడం ఎలా

హైదరాబాద్‌లో ఒక మ్యాపింగ్ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళిన మా విద్యార్థినిని మొదట అడిగింది ఒక్కటే ప్రశ్న. ఆమె తీసుకెళ్ళిన పటాన్ని బల్ల మీద పరిచి, "ఇది ఏ ప్రొజెక్షన్‌లో ఉందమ్మా?" అన్నారు. నారాయణపేట జిల్లాలోని తన మండలం పటం అది. ఊళ్ళు, రోడ్లు, చెరువులు, రంగులు, సూచిక అన్నీ పద్ధతిగా ఉన్నాయి. జీఐఎస్‌లో, అంటే పటాలను, వాటి సమాచారాన్ని కంప్యూటర్‌లో కలిపి చూసే పద్ధతిలో, మూడు నెలల కోర్సు సర్టిఫికెట్ కూడా వెంట ఉంది. జవాబు మాత్రం లేదు. తిరిగి వచ్చి ఆ సంగతి చెబుతూ ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మ్యాప్ ప్రొజెక్షన్లు, అంటే గుండ్రటి భూమిని చదును కాగితం మీదకు తెచ్చే పద్ధతులు, మొదటి ఏడాదిలో ఆమెకు చెప్పింది నేనే. స్తూపాకార ప్రొజెక్షన్, శంకు ప్రొజెక్షన్ అని పరీక్షకు పనికొచ్చేలా చెప్పాను. తెర మీద ఆమె చేయబోయే పనితో ఆ పాఠాన్ని ఎప్పుడూ కలపలేదు.

అప్పటి నుంచి పాఠం చెప్పే తీరు మార్చుకుంటూ వచ్చాను. నల్గొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల కళాశాలల్లో భూగోళశాస్త్రం బోధించే మీకోసం ఆ క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. నాలుగు సెమిస్టర్ల పాటు వారానికి ఒక పూట దొరికితే ఇదంతా చేయించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో అమీర్‌పేటలో మూడు నెలల్లో నేర్పిస్తారు. మన పిల్లల దగ్గర ఉన్నది అక్కడ దొరకదు. ఎర్రటి చెల్క నేలకు, నల్ల రేగడికి తేడా వాళ్ళకు నడకలోనే తెలుస్తుంది. చెరువు మత్తడి (అలుగు) దుంకితే ఏ పొలాల్లోకి నీళ్ళొస్తాయో తెలుసు. ఆ తెలివిని కొలతగా, పటంగా మార్చడం మనం నేర్పాలి.

1. ముందు చెరువు కట్ట ఎక్కించండి

మొదటి నెల కంప్యూటర్ తెరవద్దు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు (ఎత్తుపల్లాలు, ఊళ్ళు, వాగులు వివరంగా చూపే పటం) ఒకటి సంపాదించి గోడకు తగిలించండి. పాత నంబర్ల ప్రకారం నల్గొండ పట్టణం 56 ఓ షీటులోకి, మహబూబ్‌నగర్ 56 హెచ్ షీటులోకి వస్తాయి. 1:50,000 స్కేలులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. తమ ఊరిని, ఊరి చెరువును, వాగును, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలను విద్యార్థులే వెతికి పట్టుకోవాలి. కొందరికి తమ ఊరు పటంలో కనబడగానే ముఖం వెలిగిపోతుంది. ఆ క్షణం కోసమైనా ఈ పాఠం చెప్పాలి.

తర్వాత ఒక ఆదివారం దగ్గరలోని చెరువుకు తీసుకెళ్ళండి. కట్ట పొడవు అడుగులతో కొలిచి, తూము ఎక్కడుంది, మత్తడి ఎక్కడుంది, చెరువు లోపలి శిఖం భూమిలో ఎవరైనా సాగు చేస్తున్నారా అన్నవి కాగితం మీద గీయించండి. అక్కడి పెద్ద రైతునొకరిని పలకరించి, "చెరువు నిండిన ఏడాది నీళ్ళు ఎంతవరకు వచ్చేవి తాతా?" అని పిల్లలచేతే అడిగించండి. ఆయన వేలితో చూపిన చింతచెట్టునో, బండరాయినో ఫోన్‌లో పాయింటుగా గుర్తించాలి. ఈ పాయింటు ఏడాది తర్వాత ఉపగ్రహ చిత్రాలు చూసేటప్పుడు చాలా అవసరమవుతుంది.

2. ల్యాబ్ గురించి

ఆరు కంప్యూటర్లు పనిచేస్తే ఇరవై నాలుగు మందికి చాలు. నలుగురికొకటి చొప్పున కూర్చోబెట్టి, మౌస్ పావుగంటకు ఒకరి చేతికి మారేలా చూడండి. లేకపోతే ధైర్యమున్న ఒక్కరే నేర్చుకుంటారు. పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద హాయిగా నడుస్తుంది. డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ లేదని ఆగిపోవద్దు. ఒకదానిలో పని అర్థమైనవాళ్ళు రెండోదానికి రెండు వారాల్లో అలవాటు పడతారు. ఇంటర్నెట్ సరిగా రాని రోజుల కోసం డేటా అంతా పెన్‌డ్రైవ్‌లో ముందే దించి పెట్టుకోండి.

మీకే ఈ పని కొత్త అయితే సంకోచపడకండి. డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఔట్‌రీచ్ కార్యక్రమం కింద ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా నడుపుతుంది. విద్యార్థులకంటే ఒక్క వారం ముందుంటే చాలు, నేనూ అలాగే మొదలుపెట్టాను.

3. ప్రొజెక్షన్‌ను మన జిల్లా మీదే నేర్పండి

ఇక్కడ మాత్రం తొందరపడకండి. మూడు వారాలు కేటాయించండి. ఎందుకంటే ప్రొజెక్షన్ పాఠం చెప్పడానికి పాలమూరును మించిన నేల దొరకడం కష్టం.

చోట్లను మీటర్లలో చెప్పే యూటీఎం అనే ప్రొజెక్షన్ పద్ధతిలో భూమిని 6 డిగ్రీల వెడల్పు గల జోన్లుగా విభజిస్తారు. 72 నుంచి 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు 43వ జోన్, 78 నుంచి 84 వరకు 44వ జోన్. మహబూబ్‌నగర్ పట్టణం సరిగ్గా ఆ 78 గీత పక్కనే ఉంది. నారాయణపేట, గద్వాల, మక్తల్, కోయిల్‌సాగర్ 43లోకి వస్తాయి. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, వనపర్తి, నల్గొండ 44లోకి వస్తాయి. అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా రెండు జోన్ల మధ్య చీలి ఉంది. ఓపెన్ సిరీస్ షీట్ల నంబర్లలో కూడా ఆ 43, 44 అంకెలు కనబడతాయి, చూపించండి.

ఇప్పుడు ఈ అభ్యాసం చేయించండి. నల్గొండ పట్టణాన్ని 44వ జోన్‌లో ఒక పాయింటుగా పెట్టండి. తూర్పు విలువ, అంటే ఆ జోన్ కొలమానంలో తూర్పు దిశగా దూరం, సుమారు 3,16,000 మీటర్లు వస్తుంది. ఆ పాయింటున్న లేయరుకు (పటంలోని పొరకు) పొరపాటున 43వ జోన్ అని పేరు తగిలించమనండి. పాయింటు ఎక్కడికి పోయిందో వాళ్ళనే వెతకమనండి. నల్గొండ మహారాష్ట్రలో రత్నగిరి తీరం దగ్గర తేలుతుంది. మహబూబ్‌నగర్‌తో ఇదే చేస్తే అది అరేబియా సముద్రంలో పడుతుంది. ఒక్కసారి తమ ఊరు సముద్రంలో పడటం చూసినవాళ్ళు జీవితంలో మళ్ళీ జోన్ చూడకుండా ఫైలు తెరవరు.

లేయరుకు ప్రొజెక్షన్ పేరు తగిలించడం వేరు, లేయరును ఒక ప్రొజెక్షన్ నుంచి మరొకదానికి మార్చడం వేరు. మొదటిది డబ్బా మీద చీటీ మార్చడం లాంటిది, లోపల సరుకు మారదు. కందిపప్పు డబ్బాకు పెసరపప్పు చీటీ అంటించి వంట మొదలుపెడితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఈ ఉదాహరణ చెప్పాక మా తరగతిలో ఎవరూ ఆ రెండింటినీ కలగలపలేదు.

మూడో వారం డేటమ్, అంటే కొలతలకు ఆధారంగా తీసుకునే భూమి నమూనా, చెప్పండి. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్ మీద గీసినవి, ఫోన్‌లోని జీపీఎస్ చూపేది డబ్ల్యూజీఎస్ 84. మన ప్రాంతంలో రెండింటికీ మధ్య తేడా వంద మీటర్ల పైనే. పాత షీటును స్కాన్ చేసి ఈ సంగతి పట్టించుకోకుండా జియోరిఫరెన్స్ చేస్తే (అక్షాంశ రేఖాంశాలకు కడితే) కట్ట మీద ఉండాల్సిన గుడి చెరువు నీళ్ళలో కనిపిస్తుంది. మొదటి నెలలో గుర్తించిన చింతచెట్టు పాయింటును ఆ షీటు మీద వేయించి, ఎంత దూరం జరిగిందో కొలిపించండి.

చివరగా బఫర్, అంటే ఒక చోటు చుట్టూ ఇంత దూరం అని గీసే హద్దు. డిగ్రీలలో ఉన్న లేయరు మీద 500 మీటర్ల బఫర్ కావాలని 500 అని కొడితే సాఫ్ట్‌వేర్ దాన్ని 500 డిగ్రీలుగా తీసుకుంటుంది. భూమి చుట్టూ ఉన్నవే 360. ఉద్యోగ పరీక్షల్లో ఈ ఒక్క చోట జారిపడేవాళ్ళను చాలామందిని చూశాను.

4. గీత గీసే చెయ్యి కుదురుగా ఉండాలి

తొలి ఉద్యోగాల్లో ఎక్కువ భాగం డిజిటైజేషన్ పనే. రోడ్లు, ఇళ్ళు, పొలాల హద్దులు, కేబుల్ లైన్లు రోజంతా గీస్తూ కూర్చోవాలి. దీన్ని చిన్నచూపు చూడొద్దని విద్యార్థులకు మొదటే చెప్పండి. రోజుకు ఇన్ని గీయాలి, వందకు ఇన్ని తప్పులకు మించకూడదు అని లెక్క ఉంటుంది. ఆ లెక్కకు అలవాటు పడినవాళ్ళే తర్వాత నాణ్యత తనిఖీకి, విశ్లేషణకు ఎదుగుతారు.

ఊళ్ళోని ముప్పై పొలాలను ఉపగ్రహ చిత్రం మీద గీయించండి. పక్కపక్క పొలాలకు ఒకే గెట్టు ఉంటుంది కాబట్టి ఒకే గీత రావాలి. రెండు పాలిగాన్ల (గీసిన పొలం ఆకారాల) మధ్య సన్నటి ఖాళీ మిగిలినా, ఒకదాని మీదకు మరొకటి ఎక్కినా అది తప్పే. స్నాపింగ్ (గీతల కొనలు వాటంతట అవే అతుక్కునే ఏర్పాటు) పెట్టి గీయడం, ఇలాంటి తప్పులు పట్టే టోపాలజీ తనిఖీ నడపడం ఇక్కడే నేర్పండి. ఒకరి పనిని మరొకరు తనిఖీ చేసి తప్పులు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. మొదట్లో స్నేహితుడి తప్పు చూపడానికి మొహమాటపడతారు. రెండో నెలకు ఆ మొహమాటం పోతుంది.

5. పట్టికను పటంతో కలపడం: 2011 జనాభాను 33 జిల్లాల్లోకి తేవడం

కంపెనీలో అయినా, ప్రభుత్వ కార్యాలయంలో అయినా రోజూ ఎదురయ్యే పని ఇది. దీనికి మన రాష్ట్రమే మంచి పాఠ్యపుస్తకం. 2011 జనగణన నాటికి పాత నల్గొండ జిల్లాలో 59 మండలాలు, 34,88,809 జనాభా. పాత మహబూబ్‌నగర్‌లో 64 మండలాలు, 40,53,028 జనాభా. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి, కొన్ని మండలాలు రంగారెడ్డి, వికారాబాద్ వైపు వెళ్ళాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిగా జిల్లా అయింది. మండలాలు కూడా కొత్తవి పుట్టాయి.

విద్యార్థులకు ఇచ్చే పని: 2011 గ్రామాల పట్టికతో నేటి నారాయణపేట జిల్లా జనాభా లెక్కగట్టండి. పైకి సులువుగా కనిపిస్తుంది కానీ, నెల రోజులు పడుతుంది.

మొదటి చిక్కు పేర్లు. ఒకే ఊరు ఇంగ్లీషులో ఒక పట్టికలో "పల్లి" అని, మరో పట్టికలో "పల్లె" అని ముగుస్తుంది. మహబూబ్‌నగర్‌నే ఒకచోట ఒక అక్షరం ఎక్కువ పెట్టి, మరోచోట తీసేసి రాస్తారు. కళ్ళకు ఒకటే ఊరు, కంప్యూటర్‌కు రెండు. ఒకే పేరుతో నాలుగు ఊళ్ళు ఉండటం ఇంకో సమస్య, కొత్తపల్లి లేని మండలం ఎక్కడుంది? కాబట్టి పేరుతో కలపొద్దు, కోడ్‌తో కలపండి. జనగణనలో ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడ్ ఉంటుంది. 2011లో తెలంగాణ లేదు కాబట్టి మన ఊళ్ళు ఆంధ్రప్రదేశ్ కోడ్ 28 కింద ఉంటాయి, ఇప్పటి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో తెలంగాణ కోడ్ 36. ఒక పట్టికలో కోడ్ అంకెగా, మరో దానిలో అక్షరాలుగా నిల్వ అయి ఉంటే కూడా కలవదు. ఇది తెలియక పిల్లలు గంటల తరబడి తలపట్టుకుంటారు. ఆ గంటలు వృథా కావు, అయినా మరీ ఎక్కువసేపు వదిలేయకండి.

రెండో చిక్కు తెలుగు. పటం మీద ఊరి పేర్లు తెలుగులో ఉండాలని నేను పట్టుబడతాను. షేప్‌ఫైల్ అనే పాత రకం పటం ఫైలులో సరైన ఎన్‌కోడింగ్ (అక్షరాలను నిల్వ చేసే పద్ధతి) పెట్టకపోతే తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి, కాలమ్ పేరు పది అక్షరాలు దాటితే తెగిపోతుంది. జియోప్యాకేజీ అనే కొత్త రకం ఫైలులో ఈ రెండు బాధలూ లేవు. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన జాబితాలను ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

మూడో చిక్కు ఎకరాలు, గుంటలు. భూమి రికార్డైన పహాణిలో 3.20 అని ఉంటే మూడెకరాల ఇరవై గుంటలు అని అర్థం. 40 గుంటలు ఒక ఎకరం కాబట్టి అది మూడున్నర ఎకరాలు. ఎక్సెల్ మాత్రం దాన్ని మూడు పాయింట్ రెండుగా చదువుతుంది. 1.25కు 1.25 కలిపితే ఎక్సెల్ 2.50 అంటుంది, పట్వారీ లెక్కలో అది 3.10. ఈ తేడా పట్టుకోగలిగినవాళ్ళు ఎక్కువగా రైతుల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలే. అలాంటి ఒక విద్యార్థి తరగతిలో లేచి ఈ సంగతి చెప్పినప్పుడు, అప్పటిదాకా వెనక బెంచీలో ఉన్న ఆ అబ్బాయి ముందు బెంచీకి వచ్చాడు.

6. బావి దగ్గర నిలబడి డేటా సేకరించడం

నల్గొండ పేరుతో ప్రపంచానికి తెలిసిన ఒక పద్ధతి ఉంది: పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి సంస్థ దాన్ని రూపొందించింది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో వంగిపోయిన వెన్నెముకలను మన తరం కళ్ళారా చూసింది. ఇప్పుడు తాగునీరు చాలావరకు మిషన్ భగీరథ కుళాయిల ద్వారా నదుల నుంచి వస్తున్నా, బోర్ల నీళ్ళను అర్థం చేసుకోవడం భూగోళ విద్యార్థి బాధ్యత అని నేను నమ్ముతాను.

ఒక మండలంలో ముప్పై బోర్ల సర్వే పెట్టండి. ఫోన్‌లో క్యూఫీల్డ్ యాప్ వేసి, ఫారం తరగతిలోనే తయారు చేయించండి. జీపీఎస్ పాయింటు, తేదీ, బోరు లోతు, వాడకం, చుట్టూ నేల రకం, నీటి పరీక్ష ఫలితం ఉండాలి. లోతు రాయకపోతే ఆ నమూనాకు సగం విలువే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు అంగీకారం, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు. పటంలో రంగులు ఈ రెండు అంకెల దగ్గరే మారాలి, సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఎంచిన సమాన భాగాల దగ్గర కాదు.

ఆ ముప్పై పాయింట్ల నుంచి మండలమంతా రంగులు పరిచే ఇంటర్‌పొలేషన్ బటన్ ఒకటి ఉంటుంది. నొక్కనివ్వండి, అందమైన పటం వస్తుంది. తర్వాత అడగండి: గట్టి గ్రానైటు రాతి పగుళ్ళలో నీరుండే నేల ఇది, పక్కపక్క బోర్లలోనే ఫ్లోరైడ్ వేర్వేరుగా ఉంటుంది, మరి మధ్యలోని ఊరికి ఈ రంగు ఎక్కడి నుంచి వచ్చింది? మా తరగతిలో ఆ పటాన్ని పక్కన పెట్టి, చివరకు పాయింట్లను పాయింట్లుగానే చూపించాం. ఆ నిర్ణయం తీసుకుని, దానికి కారణం చెప్పగలగడమే భూగోళం చదివినవాళ్ళకు, బటన్లు మాత్రమే నేర్చినవాళ్ళకు మధ్య ఉన్న తేడా.

ఒక కట్టుబాటు మాత్రం పెట్టుకోండి. రోగుల పేర్లు, ఫోటోలు పటంలోకి రాకూడదు. బోరు యజమానిని అడిగి, ఒప్పుకున్నాకే నీళ్ళు పట్టాలి. ఫలితం వచ్చాక ఆ ఇంటికి తిరిగి వెళ్ళి చెప్పాలి. చెప్పకుండా డేటా తీసుకుపోయేవాళ్ళను మన పల్లెలు చాలాకాలంగా చూస్తున్నాయి.

7. ఉపగ్రహం చూపేది, చూపనిది

యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు ఉచితం. సుమారు 5 రోజులకొకసారి అదే చోటును చూస్తుంది. ముఖ్యమైన బ్యాండ్లలో (ఉపగ్రహం విడివిడిగా నమోదు చేసే కాంతి రకాల్లో) ఒక పిక్సెల్ 10 మీటర్లు ఇంటూ 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు. ఒక గుంట సుమారు 101 చదరపు మీటర్లు. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపండి: ఒక పిక్సెల్ దాదాపు ఒక గుంట, 40 పిక్సెళ్ళు దాదాపు ఒక ఎకరం. రిజల్యూషన్ అనే మాటను ఇంతకంటే తేలికగా చెప్పే దారి నాకు దొరకలేదు. ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి భువన్, భూనిధి పోర్టళ్ళలో మన దేశపు ఉపగ్రహాల డేటా కూడా చూడటం నేర్పండి.

మొదటి నెలలో నడిచిన చెరువునే తీసుకుని, మే నెల చిత్రం, అక్టోబరు చివరి చిత్రం పక్కపక్కన పెట్టండి. జూలై నుంచి సెప్టెంబరు వరకు మబ్బులతో ఇబ్బంది. బ్యాండ్ 3, బ్యాండ్ 8తో ఎన్‌డీడబ్ల్యూఐ అనే నీటి సూచికను లెక్కించి నీటి విస్తీర్ణం ఎకరాల్లో రాయించండి. గుర్రపుడెక్క కప్పేసిన చోట నీళ్ళున్నా సూచిక నీళ్ళు లేవంటుంది. అందుకే మళ్ళీ కట్ట ఎక్కి చూసి రావాలి. తాత చూపిన చింతచెట్టు పాయింటును అక్టోబరు నీటి అంచు మీద వేసి చూడమనండి.

రెండో ఉదాహరణగా నల్గొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం ఇవ్వండి. అది పాత చెరువు. వాన తక్కువైన ఏడాది కూడా నిండుగా కనిపిస్తే విద్యార్థి "వర్షాలు బాగున్నాయి" అని రాసేస్తాడు. ఇప్పుడది మాధవరెడ్డి ప్రాజెక్టులో భాగం. పుట్టంగండి దగ్గర నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళు అక్కంపల్లి మీదుగా ఇక్కడికి చేరతాయి. చిత్రంలో నీళ్ళు కనబడతాయి, అవి ఎక్కడివో చిత్రం చెప్పదు. ఈ రెండు చెరువుల పోలికతో నాలుగు పేజీల నివేదిక రాయించండి, సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో.

8. కోడ్

భయపెట్టకుండా, ఆలస్యంగా మొదలుపెట్టండి. ఒక చెరువుకు చేతితో చేసిన పనిని నూరు చెరువులకు చేయమని అడిగితే విద్యార్థులే విసిగి వేరే దారి అడుగుతారు. అప్పుడు పైథాన్‌లో పటాల పని చేసే జియోపాండాస్ చూపించండి. పట్టికలను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో రెండు పట్టికలను కలపడం, షరతు పెట్టి వడపోయడం వస్తే మొదటి ఉద్యోగానికి సరిపోతుంది. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళు కోడ్‌కు వెనకబడతారనే మాటను నేను ఒప్పుకోను. అవసరమయ్యే ఇంగ్లీషు మాటలు ముప్పై నలభైకి మించవు.

9. భూమి రికార్డుల భాష

ఇది ఏ పాఠ్యప్రణాళికలోనూ నాకు కనబడలేదు, కానీ పని అక్కడే పెరుగుతోంది. 2020లో మొదలైన స్వామిత్వ పథకంతో గ్రామకంఠాల్లోని ఇళ్ళను డ్రోన్లతో కొలవడం దేశంలోని చాలా రాష్ట్రాల్లో మొదలైంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలను సడలించింది, 2022లో జాతీయ జియోస్పేషియల్ విధానం తెచ్చింది. మన రాష్ట్రంలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. టీపన్, నక్షా, సేత్వార్, ఖాస్రా పహాణి అనే పాత భూమి కొలతల, రికార్డుల మాటలు తెలిసిన, యూటీఎం కూడా తెలిసిన మనిషి ఇలాంటి పనుల్లో చాలా విలువైనవాడు. విశ్రాంత సర్వేయరు ఒకరిని ఒక పూట తరగతికి పిలవండి. గొలుసు పట్టి కొలిచిన రోజుల గురించి ఆయన చెబుతుంటే పిల్లలు గడియారం చూడరు. అదే రోజు సర్వే ఆఫ్ ఇండియా సీఓఆర్‌ఎస్ (ఉపగ్రహ సంకేతాలను నిరంతరం అందుకునే స్థిర) కేంద్రాల సాయంతో సెంటీమీటర్ల స్థాయిలో కొలవడం ఎలాగో కూడా చెప్పండి.

10. ఎక్కడెక్కడ తలుపు తట్టాలి

పని ఉన్న చోటు మనకు దూరం కాదు. ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో ఉంది. దాని ఉపగ్రహ డేటా స్వీకరణ కేంద్రం షాద్‌నగర్ దగ్గర, మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడ వెళ్ళే రైలు దారిలోనే ఉంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, నగరంలోనే రాష్ట్ర రిమోట్ సెన్సింగ్ కేంద్రం, భూగర్భజల మండలి, జియలాజికల్ సర్వే కార్యాలయాలు ఉన్నాయి. రెండో ఏడాదిలోనే విద్యార్థి ప్రాజెక్టుల ప్రకటనలు చూడటం అలవాటు చేయండి. ప్రైవేటులో నావిగేషన్ పటాలు, టెలికాం, విద్యుత్తు, నీటి సరఫరా, పంటల బీమా, డ్రోన్ సర్వే సంస్థలు ఉన్నాయి.

ఉద్యోగం గ్యారంటీ అని ముందే పెద్ద మొత్తం కట్టించుకునే శిక్షణలకు విద్యార్థులను పంపకండి. వలసతో బతికిన పాలమూరు కుటుంబాల్లో ఆ డబ్బు ఎన్ని నెలల కూలీయో మనకు తెలుసు. ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులతో మీరే మాట్లాడండి. హాస్టల్ ఎక్కడ, రాత్రి షిఫ్టు ఉందా, రవాణా ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబులు ముందే కనుక్కుని వెళితే సగం ఇళ్ళలో ఒప్పుకుంటారు. మా దగ్గర ఒక తండ్రి మూడుసార్లు కాదన్నాక, ఆఫీసు బస్సు ఊరి అక్క ఉండే వీధి మీదుగానే వెళుతుందని తెలిసి నాలుగోసారి సరేనన్నాడు.

11. చేతిలో పెట్టి పంపాల్సినవి

సర్టిఫికెట్ల కట్ట కంటే నాలుగు పనులున్న ఫైలు పంపండి: పొలాల డిజిటైజేషన్, దాని తప్పుల పట్టికతో సహా, నారాయణపేట జనాభా పట్టిక, అందులో కలవని ఊళ్ళ జాబితాతో సహా, బోర్ల పటం, ఇంటర్‌పొలేషన్ ఎందుకు వదిలేశారో ఒక పేరాతో, రెండు చెరువుల నివేదిక. ప్రతి పటం కింది మూలలో ప్రొజెక్షన్, జోన్, డేటమ్, డేటా తేదీ రాసి ఉండాలి. ఫైళ్ళ పేర్లలో "కొత్తది", "చివరిది" లాంటివి ఉండకూడదు, మండలం పేరు, తేదీ ఉండాలి.

ఇంటర్వ్యూకు వారం ముందు తరగతిలోనే ప్రాక్టీసు పెట్టండి. జూనియర్లను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక పటాన్ని మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో అయిదేసి నిమిషాలు చెప్పించండి. తెలుగులో తడబడితే విషయం అర్థం కాలేదని, మళ్ళీ ల్యాబ్‌కు పంపాలి. ఇంగ్లీషులో మాత్రమే తడబడితే మాటలు అలవాటు చేస్తే చాలు. జూనియర్లలో ఎవరో ఒకరికి ఒక ప్రశ్న ముందే అప్పజెప్పండి: "ఇది ఏ ప్రొజెక్షన్‌లో ఉంది అక్కా, 43లోనా, 44లోనా?"